స్టీరింగు కూత

ఆ ఆదివారం చర్చికి ఆలస్యమైందని నా భార్య బండి ఎక్కేటప్పటికే మొహం ముడుచుకుని ఉంది. మాది రెడ్డిగూడెం పక్కన చిన్న ఊరు. చర్చి నూజివీడులో. వారమంతా మామిడికాయలు మోసే నా పికప్పు ఆదివారం పొద్దున ఒక్కపూట మాకు కారవుతుంది. ముందురోజు సాయంత్రమే లోపలంతా తుడిచి, సీటు మీద ఉతికిన దుప్పటి పరిచి, కాయల సొన మరకలు ఆవిడ చీరకు అంటకుండా చూడడం నా పని. ఆ పని నేను చాలా శ్రద్ధగా చేసేవాణ్ణి.

చర్చి సందులోకి బండి తిప్పుతుంటే ఆవిడ పళ్ళు జివ్వుమన్నట్టు మొహం పెట్టింది.

"ఏంటండీ ఆ శబ్దం? వారం నుంచీ వింటున్నా."

"ఏ శబ్దం?"

"స్టీరింగు తిప్పితే వస్తుంది కదా. ఏదీ, మళ్ళీ తిప్పండి."

తిప్పాను. నిజమే, ముందు చక్రం దగ్గర ఎక్కడో 'టక్' మంది. ఆ టక్కు నాకు కొత్త కాదు. గతుకుల్లో పడ్డప్పుడూ, బరువు మీద మలుపు తిరిగినప్పుడూ కొన్నాళ్ళుగా వింటూనే ఉన్నాను. మామిడి సీజను అయ్యాక చూసుకోవచ్చులే అని దాన్ని పక్కన పెట్టాను.

"ఆ, అదా! వినపడిందిలే. చూపిస్తాను."

"వినపడుతూ కూడా ఎలా భరిస్తున్నారండీ?" అంది.

అంత చిన్న టక్కుకు భరించడమేంటని నాకు ఆశ్చర్యమేసింది. కుట్టుమిషను ముందు రోజంతా కూర్చునే మనిషి కదా, ప్రతిదీ సన్నగా పట్టించుకునే అలవాటు అనుకున్నాను. పైకి అనలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక పైకి అనదగ్గవేవో అనకూడనివేవో ఎవరికైనా తెలుస్తాయి.

బండి శబ్దాల విషయంలో నాకు కాస్త పేరుందని ఇక్కడ చెప్పాలి. చిన్నతనంలోనే లారీ ఎక్కాను. సగం జీవితం రాజమండ్రి, విశాఖపట్నం, హైదరాబాదు రోడ్ల మీద గడిచింది. సొంత పికప్పు కొనుక్కున్నాక ఈ తోటల మధ్యే తిరుగుతున్నాను. మా చుట్టుపక్కల ఏ డ్రైవరుకు ఇంజను మీద అనుమానం వచ్చినా, "ఒకసారి వినవా బాబాయ్" అని నా దగ్గరికి తెచ్చేవారు. నేను బానెట్టు మీద చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి వినేవాణ్ణి. కళ్ళు మూసుకోవడం నిజానికి అవసరం లేదు. కానీ చూసేవాళ్ళకు నమ్మకం కుదిరేది. బేరింగు పోయిందనో, మౌంటింగు వదులైందనో చెప్పేవాణ్ణి. ఎక్కువసార్లు నా మాటే నిజమయ్యేది. తప్పయినప్పుడు డ్రైవరు బండి సరిగ్గా తోలలేదని తేలేది.

అలాంటివాణ్ణి నా సొంత బండి గురించి ఇంకొకరు చెబితే తెలుసుకునే స్థితిలో ఉంటానని ఎలా అనుకుంటాను?

ఆ వారం విస్సన్నపేట దారిలో ఒక తోటలో బంగినపల్లి కోత నడుస్తోంది. తోట గుత్తకు తీసుకున్న పెద్దాయన నాకు పాత పరిచయం. మగవాళ్ళు చివర వలసంచి కట్టిన చిక్కం కర్రలతో కాయలు దించుతున్నారు. ఆడవాళ్ళు చెట్ల నీడన కూర్చుని తొడిమలు తుంచి, సొన కారడానికి కాయల్ని బోర్లించి, తర్వాత ట్రేలలోకి సర్దుతున్నారు. బండిని వాళ్ళ దగ్గరదాకా తేవాలంటే చెట్ల మధ్య ముందుకూ వెనక్కూ చాలాసార్లు తిప్పాలి. నేను తిప్పుతున్నకొద్దీ ఆడవాళ్ళు కిందికి వంగి నవ్వుతున్నారు. చివరికి వాళ్ళలో ఒకామె ధైర్యం చేసి అడిగింది.

"బాబాయ్, మీ బండిలో పిల్లేమన్నా పిల్లల్ని పెట్టిందా?"

అలా జరగని విషయమేమీ కాదు. మా ఊళ్ళో ఒక ఆటో సీటు కింద పిల్లి ఈనడం నేను చూశాను. నేను వెంటనే దిగి బానెట్టు ఎత్తి, బ్యాటరీ పక్కనా రేడియేటరు వెనకా జాగ్రత్తగా చెయ్యి పెట్టి వెతికాను. తర్వాత నేల మీద పడుకుని బండి కింద కూడా చూశాను. నేను లేచేసరికి ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఊగిపోతున్నారు. పెద్దాయన కూడా తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"పిల్లేం లేదమ్మా," అన్నాను సీరియస్‌గా.

దాంతో ఇంకొంచెం నవ్వారు. ఆయన నన్ను పక్కకు పిలిచి, "నీ స్టీరింగు శబ్దం చేస్తుందయ్యా. చూపించుకో. కాయ దించేవాళ్ళు కర్రలు వదిలేసి ఇటే చూస్తున్నారు," అన్నాడు. మళ్ళీ అదే టక్కు. ఒక్క టక్కుకు ఇంత హంగామానా అని విసుగొచ్చింది. సరే, సీజను మధ్యలోనైనా దీని సంగతి తేల్చేద్దామని అనుకున్నాను.

ఆ రాత్రి గాలివాన కొట్టింది. తెల్లారేసరికి రోడ్డంతా రాలిన కాయలు, ఆకులు. కోత ఆగిపోవడంతో బండి తీసుకుని నూజివీడు వెళ్ళాను. నా మెకానిక్కు షెడ్డు బస్టాండుకు కాస్త అవతల, ఇనప గ్రిల్లులు వెల్డింగు చేసే కొట్టు పక్కన ఉంటుంది. అక్కడ ఒకరి మాట ఒకరికి వినపడాలంటే అరవాల్సిందే. మెకానిక్కు నాకంటే చాలా చిన్నవాడు. పని మీద శ్రద్ధ ఉంది, నా మీద గౌరవం ఉంది. రెండోది ఆ రోజు కొంచెం చెరుపు చేసింది.

"స్టీరింగు తిప్పితే టక్ మంటుంది. టై రాడ్ ఎండు అరిగింది," అని నేనే రోగమూ చెప్పాను, మందూ చెప్పాను.

టై రాడ్ ఎండు అంటే స్టీరింగు నుంచి వచ్చే కడ్డీని చక్రానికి కలిపే కీలు. అతను జాకీ వేసి, చక్రాన్ని రెండు చేతులతో అటూ ఇటూ ఊపాడు. చక్రం వదులుగా ఆడింది.

"కరెక్టుగా చెప్పారు బాబాయ్. మీరు చెప్పాక ఇంక చూసేదేముంది?"

రెండు వైపులా కొత్తవి వేశాడు. నేను తిరుగు దారిలో కావాలనే ప్రతి గతుకులోనూ దించాను, ప్రతి మలుపూ బరువుగా తిప్పాను. టక్కు లేదు. బండి వెన్నలా తిరుగుతోంది. ఇంటి ముందు ఆపి నా భార్యను బయటికి పిలిచి, నిలుచున్న చోటే స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూపించాను. వాన తడి ఇంకా ఆరలేదు. ఆవిడ కాసేపు విని, "హమ్మయ్య," అంది.

ఆ హమ్మయ్య ఆదివారం దాకా నిలిచింది. ఆదివారానికి ఎండలు మళ్ళీ కాశాయి. చర్చి సందు మలుపు దగ్గర ఆవిడ రెండు చెవులూ మూసుకుంది.

"ఏం చూపించారండీ మీరు? ఇంకా ఎక్కువైంది!"

"ఏమీ లేదు. కొత్తవి వేయించాను. నువ్వు అలవాటు కొద్దీ అంటున్నావు."

"అలవాటు కొద్దీ చెవుల్లో కీచుమంటుందా?"

"బండిలో ఎవరికి వినపడాలి? తోలేవాడికి. నాకు వినపడట్లేదు. అంటే లేనట్టే."

ఇది చాలా బలమైన వాదన అని అప్పట్లో నాకు అనిపించింది. ఆవిడ నా వంక కాసేపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఇంట్లో పిలిస్తే పలకనప్పుడు, బజారు నుంచి చెప్పిన వస్తువు కాకుండా ఇంకోటి తెచ్చినప్పుడు అలాగే చూస్తుంది.

"కావాలనే అంటున్నారు మీరు. నేను చెప్పింది కాబట్టి కాదనాలి, అంతే," అని బండి దిగి చర్చిలోకి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేటప్పుడు నా బండి ఎక్కలేదు. తోటి ఆడవాళ్ళతో కలిసి బస్సెక్కి ఊరికొచ్చింది. ఖాళీ పికప్పు తోలుకుంటూ ఆ బస్సు వెనకాలే నేనూ వచ్చాను. దాటి ముందుకు వెళ్ళే ధైర్యం లేకపోయింది. వెనకే రావడమూ బాగోలేదు. మధ్యలో ఒక చెట్టు కింద ఆపి కాసేపు కూర్చున్నాను.

ఆ తర్వాత మా వీధి కుక్కలు చెడిపోయాయి. సందు చివర పడుకుని ఉండే కుక్కలు, నేను ఇంటివైపు బండి తిప్పగానే ఒక్కసారిగా లేచి మోరలెత్తి ఊళ పెట్టేవి. ఇన్నేళ్ళుగా నన్ను చూస్తున్న కుక్కలకు ఏం మాయరోగం వచ్చిందోనని తిట్టుకున్నాను. ఇంట్లో మా ఆవిడ కుట్టుమిషను ఆపి, కిటికీలోంచి కుక్కల వైపు, తర్వాత నా వైపు చూసేది.  కుక్కలు తన పక్షాన ఉన్నాయన్న తృప్తి మొహంలో కనిపించేది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నూజివీడులో కాయలు దించి, పని అయిపోయాక మెకానిక్కు షెడ్డు వైపు వెళ్ళాను. వెల్డింగు కొట్టు ఆ రోజు మూసి ఉంది. పాత కీళ్ళు ఊరికే పారెయ్యకుండా ఇమ్మని అడగడానికి వెళ్ళానంతే. ముందు ఉన్న బండిని తప్పించుకుంటూ షెడ్డులోకి తిప్పేసరికి మెకానిక్కు చేతిలో రెంచి పక్కన పెట్టి లేచాడు.

"ఏంటి బాబాయ్ అంత ఘోరంగా కీచుమంటుంది? ఎప్పటినుంచి?"

"ఏది?"

నేను తమాషాకు అడుగుతున్నానని అతను నవ్వాడు. నేను నవ్వలేదు. అతనికి మా ఆవిడ ఏమైనా ఫోను చేసి చెప్పిందా అని అనుమానమొచ్చింది. ఆవిడ ఆ పూట లైనింగు గుడ్డ, దారాలు కొనడానికి నా బండి ఎక్కకుండా బస్సులో వచ్చి నూజివీడులోనే ఉంది. సంగతి ఇక్కడే తేలిపోవాలని నేనే ఫోను చేసి రమ్మన్నాను. ఆవిడ సంచితో వచ్చి, షెడ్డు గుమ్మం దగ్గర నిలబడింది.

"పిన్నిగారూ, మీకు వినపడుతుందా అండీ?" అన్నాడు మెకానిక్కు.

"ఊరంతటికీ వినపడుతుంది నాయనా."

ఇక వాళ్ళిద్దరూ కలిసిపోయారు. మెకానిక్కు నన్ను సీటులోంచి దించి తను కూర్చున్నాడు. ఆవిణ్ణి పక్క సీటులో కూర్చోబెట్టాడు. "ఒక రౌండు కొట్టొద్దాం," అన్నాడు. నా బండిలో నేను వెనక తొట్టిలో, ఖాళీ ట్రేల మధ్య, వరిగడ్డి మీద కూర్చున్నాను. బస్టాండు చుట్టూ తిరిగొచ్చేసరికి తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు, "ఏంటి, డ్రైవరుని పెట్టుకున్నావా?" అని అడిగారు.

తిరిగొచ్చాక మెకానిక్కు ఇంజను ఆపేసి, స్టీరింగు తిప్పుతూ నా భార్యను అడిగాడు. "ఇప్పుడుందా అండీ?"

"ఉంది."

"అయితే బెల్టు కాదు, పంపు కాదు. ఇంజను ఆగాక అవి తిరగవు కదా." ముందు చక్రాలు రెండూ నేలకు ఆనకుండా జాకీల మీద ఎత్తాడు. మళ్ళీ తిప్పాడు. "ఇప్పుడు?"

"ఇంకా ఉంది."

"చక్రాల బరువు మీద వచ్చేది కూడా కాదన్నమాట."

నాకు ఒళ్ళు మండుతోంది. లేని శబ్దం కోసం నా బండిని ఎత్తి నిలబెట్టారు. మెకానిక్కు పొడుగాటి స్క్రూ డ్రైవరు తెచ్చి, దాని మొన స్టీరింగు బాక్సుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. శబ్దం ఎక్కడ పుడుతుందో వెతకడానికి మేమందరం చేసే పనే అది. తల అడ్డంగా ఊపాడు. తర్వాత బండి లోపలికి దూరి, పెడళ్ళ దగ్గర తలపెట్టి పడుకున్నాడు. "పిన్నిగారూ, మీరు తిప్పండి. మెల్లగా."

ఆవిడ డ్రైవరు సీటులో కూర్చుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని తిప్పింది. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను.

అప్పుడు నేను చూసింది ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. ఆవిడ తిప్పింది. కింద పడుకున్న మెకానిక్కు మొహం ముడుచుకుంది. పైన ఆవిడ మొహం కూడా అదే క్షణంలో ముడుచుకుంది. తిప్పడం ఆపింది, ఇద్దరి మొహాలూ సర్దుకున్నాయి. మళ్ళీ తిప్పింది, మళ్ళీ ఇద్దరూ ఒక్కసారే ముడుచుకున్నారు. షెడ్డు బయట కిళ్ళీకొట్టు దగ్గర నిలబడ్డవాడు కూడా వెనక్కి తిరిగి చూశాడు. ఒకరి మొహం ఒకరికి కనపడని మనుషులు ముగ్గురు కూడబలుక్కుని నన్ను ఆట పట్టించలేరు. అక్కడ ఏదో మోగుతోంది. నాకు మాత్రం స్టీరింగు తిరుగుతున్న మెత్తటి కదలిక తప్ప ఏమీ లేదు.



మెకానిక్కు కింద నుంచి చెయ్యి చాచి దేన్నో గట్టిగా పట్టుకున్నాడు. "ఇప్పుడు తిప్పండి."

"పోయింది!" అంది ఆవిడ.

"వదిలేస్తున్నా. ఇప్పుడు?"

"వచ్చింది, వచ్చింది!"

స్టీరింగు కడ్డీ బండి లోపలి నుంచి కిందికి దిగే చోట, దుమ్ము రాకుండా దాని చుట్టూ ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. అది ఎండి గట్టిపడి, కడ్డీ తిరిగినప్పుడల్లా దానికి రాసుకుని కూస్తోంది. వానకు తడిసినన్నాళ్ళు నోరు మూసుకుంది. ఎండ రాగానే మళ్ళీ మొదలెట్టింది. మెకానిక్కు వేలితో దాన్ని గీకి వాసన చూశాడు.

"ఇక్కడ డీజిల్ వాసనొస్తుందేంటి బాబాయ్?"

"సొన మరకలు పోవడానికి లోపలంతా డీజిల్ గుడ్డతో తుడుస్తాను," అన్నాను. "ప్రతి శనివారం."

"రబ్బరుకు డీజిల్ తగిలితే ఇంకేముంది బాబాయ్!" అన్నాడు. నా శ్రద్ధంతా ఆ తొడుగు మీద పనిచేసిందన్నమాట. అతను దాన్ని శుభ్రంగా తుడిచి, రబ్బరుకు వాడే గ్రీజు లోపలి అంచంతా పూశాడు. కొత్త తొడుగు దొరికినప్పుడు మారుద్దామన్నాడు. ఆవిడ స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పింది. వాళ్ళిద్దరి మొహాలూ హాయిగా ఉన్నాయి. అంతకుముందు ఎంత నిశ్శబ్దంగా ఉందో నాకు ఇప్పుడూ అంతే నిశ్శబ్దంగా ఉంది.

"విన్నారా బాబాయ్ తేడా?" అన్నాడు మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ.

నేను ఇంకా స్టీరింగు వైపే చూస్తున్నాను. అతను నా మొహం చూసి, నా వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి నా భార్య కళ్ళు నా భుజం వెనక ఉన్న దాని మీదికి వెళ్ళి, అక్కణ్ణుంచి నా మొహం మీదికి వచ్చాయి. నేను తిరిగి చూశాను. అతను నా చెవి పక్కనే తాళాల గుత్తి పట్టుకుని ఊపుతున్నాడు.

ఆవిడ సీటులోంచి దిగింది. గెలిచానన్న సంతోషం ఉండాల్సిన మొహంలో అది లేదు.

"అయితే వంటింట్లోంచి నేను పిలిస్తే..." అని ఆగిపోయింది.

షెడ్డు నుంచి ఊరికి ఆవిడ నా పక్క సీటులోనే వచ్చింది. దారిలో తోటలు దాటుతుంటే అడిగింది. "ఇన్నాళ్ళూ నన్ను పట్టించుకోక కాదన్నమాట."

"కాదు."

"కొన్నిసార్లు కావాలనే కదా?"

"కొన్నిసార్లు," అన్నాను. ఆవిడ నవ్వింది. స్టీరింగు గురించి మొదలైన గొడవ అక్కడితో ముగిసింది.

విజయవాడలో చెవి డాక్టరు దగ్గరికి నన్ను బలవంతంగా తీసుకెళ్ళింది. నన్నొక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలట. అద్దం అవతల ఒకమ్మాయి యంత్రం మీద బొత్తాలు నొక్కుతోంది. మొదట్లో లావు శబ్దాలు బాగానే వినిపించాయి, నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఇలా అయితే ఫెయిలవుతానేమోనని, ఆ అమ్మాయి వేలు కదిలినప్పుడల్లా నేనూ నొక్కడం మొదలెట్టాను. కాసేపటికి ఆమె నా వైపు చూసి చిరునవ్వు నవ్వి, కుర్చీని అటు తిప్పుకుని కూర్చుంది.

డాక్టరుగారు కాగితం మీద గీత చూపించారు. లావు శబ్దాల దగ్గర గీత బల్లపరుపుగా ఉంది. సన్న శబ్దాల వైపు వెళ్ళేకొద్దీ ఘాటు రోడ్డులా దిగిపోయింది. కుడి చెవికి మరీ లోతుగా.

"ఏం పనిచేస్తారండీ?"

"డ్రైవరునండీ. ముందు లారీ, ఇప్పుడు పికప్పు."

"కిటికీ అద్దం దించుకునే నడుపుతారు కదా? కుడి పక్కనుంచి గాలి, హారన్లు, ఇంజను మోత, ఇన్నేళ్ళూ ఆ చెవి మీదే పడ్డాయి. వయసు కూడా తోడైంది. లావుగా ఉండే శబ్దాలు మీకు బాగానే వినపడతాయి. సన్నవి వినపడవు."

ఇంజను బేరింగు పోతే గురగురలాడుతుంది. మౌంటింగు వదులైతే దడదడమంటుంది. అవన్నీ లావు శబ్దాలే. నా పేరు ప్రతిష్ఠలన్నీ ఆ కాగితం మీద ఎడమవైపు, బల్లపరుపుగా ఉన్న కాస్త చోటులోనే ఉన్నాయన్నమాట.

"గ్రీజులాంటిదేమైనా ఉందా అండీ?" అని అడిగాను.

"మీకు మిషను పెట్టాలండీ," అన్నారు ఆయన.

చెవిలో మిషను పెట్టుకుని ట్రాన్స్‌పోర్టు స్టాండులో ఎలా నిలబడతానని నేను గొడవ చేశాను. ముసలాడైపోయాడని లోడు ఇవ్వరన్నాను. "పిల్లి పిల్లల కోసం బానెట్టు వెతికినవాడికి ఇంకా పరువేంటండీ," అంది ఆవిడ. ఆ సంగతి ఆవిడదాకా ఎవరు చేర్చారో ఇప్పటికీ తెలీదు. చివరికి పెట్టించుకున్నాను.

మిషను పెట్టుకున్న మొదటి రోజు లోకమంతా నా మీద పడినట్టయింది. ప్లాస్టిక్కు ట్రేలు ఒకదానికొకటి రాసుకుంటే ప్రాణం పోయింది. తోటలో ఎండుటాకుల మీద నడిస్తే నా అడుగుల చప్పుడుకు నేనే వెనక్కి తిరిగి చూశాను. సాయంత్రం కీచురాళ్ళు మొదలెట్టాయి. అవి ఈ ప్రాంతం వదిలి వెళ్ళిపోయాయనీ, తోటల్లో కొట్టే మందుల వల్లే అనీ నేను చాలామందికి చెప్పి ఉన్నాను. వాళ్ళెవరూ నన్ను కాదనలేదు. ఎందుకో తెలీదు.

అన్నిటికంటే నన్ను సిగ్గుపడేలా చేసింది ఇండికేటరు. మలుపు తిరిగాక కూడా బండిలో టిక్కు టిక్కు మంటుంటే ఏదో ఊడిపోయిందని పక్కకు ఆపాను. ఊడిపోలేదు, నేను ఇండికేటరు ఆపలేదు. ఎన్నేళ్ళుగా అది నా బండిలో అలా వెలుగుతూ పోయిందో మరి. వెనక వచ్చేవాళ్ళు హారను కొట్టి, దాటి ముందుకెళ్తూ చెయ్యి ఊపితే, నేను పాత డ్రైవరునని గౌరవంతో పలకరిస్తున్నారనుకుని నేనూ చెయ్యి ఊపేవాణ్ణి.

తర్వాత కొన్నాళ్ళు మెకానిక్కుకు నావల్ల మనశ్శాంతి లేకుండా పోయింది. ఒకరోజు డోరు దగ్గర సన్నటి చప్పుడని, ఇంకోరోజు డాష్‌బోర్డులో కిర్రుమంటుందని, మరోరోజు వైపరు ఏడుస్తోందని బండి తీసుకెళ్ళేవాణ్ణి. అతను ఓపిగ్గా చూసేవాడు.

"బాబాయ్, ఇది ఎప్పటినుంచో ఉందండీ. పికప్పులన్నీ ఇలాగే ఉంటాయి," అనేవాడు.

"నాకు వినపడుతుంది కదా! తోలేవాడికి వినపడితే ఉన్నట్టే."

ఒకసారి అతను రెంచి కింద పెట్టి, "పోనీ ఇక్కడికొచ్చేటప్పుడు ఆ మిషను తీసి జేబులో పెట్టుకోండి బాబాయ్," అన్నాడు. అంతటితో వెళ్ళడం తగ్గించాను. మిగతా డ్రైవర్లు మాత్రం ఇప్పటికీ ఇంజన్లు వినమని నా దగ్గరికి తెస్తూనే ఉన్నారు. చెవి మిషను పెట్టుకున్నాక నా మీద గురి ఇంకా పెరిగింది. ఇంజన్లు బాగా వినడం కోసమే ప్రత్యేకంగా పెట్టించుకున్నానని స్టాండులో ఎవరో చెప్పారట. ఆ మాట నేను పుట్టించలేదు, ఖండించనూ లేదు.

సీజను చివరి రోజుల్లో, తోటల్లో రసాలు కూడా అయిపోయి ఆఖర్న దిగే కలెక్టరు కాయ మాత్రమే మిగిలి ఉన్నప్పుడు, మేమిద్దరం ఏదో పని మీద నూజివీడు వెళ్తున్నాం. ఆవిడ కిటికీ వైపు తిరిగి, తనలో తనే అనుకుంది. "కాస్త నెమ్మదిగా పోవచ్చుగా. ఎవరు తరుముకొస్తున్నారో ఏంటో ఈ మనిషిని."

నేను వేగం తగ్గించాను.

ఆవిడ చటుక్కున నా వైపు తిరిగింది. దొంగతనం చేస్తూ పట్టుబడ్డ మనిషిలా కళ్ళు పెద్దవి చేసింది.

"వినపడిందా?"

"వినపడింది."

"ఇవాళేనా? ఇంతకుముందు అన్నవి కూడానా?"

"మిషను పెట్టినప్పటినుంచీ అన్నీ."

ఆవిడ నూజివీడు వచ్చేదాకా వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కపెట్టుకుంది. నా గురించి ఎన్నేళ్ళుగా నా పక్కనే కూర్చుని, నిర్భయంగా, మామూలు గొంతుకంటే కాస్త తగ్గించి ఏమేం అనుకునేదో, ఆ వసతి ఇక లేదని అప్పుడే అర్థమైనట్టుంది.

ఇప్పుడు మా ఇంట్లో కొత్త పద్ధతి వచ్చింది. సాయంత్రం నేను బండి పెట్టి రాగానే ఆవిడ నా మొహం చూసి, తన మొహం నాకు కనపడకుండా తిప్పుకుని, "ముందు ఆ మిషను తీసి డబ్బాలో పెట్టి, స్నానానికి వెళ్ళండి. నీళ్ళు తోడాను," అంటుంది. నేను మిషను తీసి డబ్బాలో పెట్టి తువ్వాలు తీసుకుని వెళ్తాను. ఆ రోజు నేనేదైనా ఘనకార్యం చేసి ఉంటే, ఆవిడ అనుకునేవి కూడా ఎక్కువే ఉంటాయి కాబట్టి, కాస్త ఎక్కువసేపే స్నానం చేసి వస్తాను.